ప్రింటరులో మిగిలే నల్లపొడి – పాల సంఘాల జాగ్రత్త

(మరిపెడలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల గురించి చెబుతారనుకుంటే ఈ ప్రింటరు గొడవ ఏమిటని మీకు అనిపించవచ్చు. మేము పాల గురించే చెబుతున్నాం. పూర్వం సంఘం లెక్కలన్నీ కార్యదర్శి చేతిరాతలో ఉండేవి. నేడు బిల్లుల జాబితా, మహాసభ నోటీసు చాలాచోట్ల ప్రింటరు మీదనే వస్తున్నాయి. పాలు పోసే గది, ప్రింటరు గది ఒక్కటే కావడం తనిఖీలలో మేము చూస్తూనే ఉన్నాం. చిక్కంతా అక్కడే ఉంది.

లేజరు ప్రింటరులో సిరా ఉండదు, పొడి ఉంటుంది. దానిని టోనర్ అంటారు. చాలామంది అది వట్టి మసి అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ పాలు ప్లాస్టిక్. నలుపు కోసం మసి, దానితో కొంత మైనం కలుపుతారు. యంత్రంలోని డ్రమ్ము మీద లేజరు కాంతి అక్షరాల రూపు గీస్తుంది. విద్యుత్తు ఆకర్షణ వల్ల పొడి ఆ గీతలకు అంటుకుని, అక్కడినుండి కాగితం మీదికి దిగి, సుమారు 200 డిగ్రీల వేడికి కరిగి అతుక్కుంటుంది. ఎల్ఈడీ ప్రింటరులో లేజరుకు బదులు చిన్న దీపాల వరుస ఉంటుంది. పొడి విషయంలో రెండూ ఒక్కటే. 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ ఈ పద్ధతి కనిపెట్టాడు. మన బంగ్లా సెంటర్లోని జిరాక్సు దుకాణాలు కూడా ఆయన చలవే.

అయితే డ్రమ్ము మీది పొడి మొత్తం కాగితానికి దిగదు. మిగిలినదానిని రబ్బరు వంటి బద్ద ఒకటి గీకి, ఒక అరలోకి తోస్తుంది. అదే వ్యర్థ టోనర్. పెద్ద యంత్రాలలో దీనికి వేరే డబ్బా ఉంటుంది. చిన్న ప్రింటర్లు కొన్నింటిలో ఈ అర కాట్రిడ్జిలోనే ఉంటుంది. దుకాణంలో మనం '12ఏ' అని అడిగే కాట్రిడ్జి అటువంటిదే. అది సుమారు 2,000 పేజీల లెక్కన చేసినది. మనం దానిని మళ్ళీ మళ్ళీ రీఫిల్ చేయిస్తాం. అది తప్పని మేము అనం, సంఘం సొమ్ము మిగలవలసిందే. కాని కొత్త పొడి పోసేముందు వ్యర్థం అరను ఖాళీ చేయించాలి. లేకుంటే అది నిండి, పొంగి, కాగితం మీద నల్ల చారలు పడతాయి, పొడి బయటికి రాలుతుంది.

ఇంకొక మోసం కూడా ఉన్నది. ఒక సంఘానికి రీఫిల్ చేసిన మనిషి ఆ పాత పొడినే జల్లెడపట్టి తిరిగి పోశాడు. అందులో కాగితపు నూగు కలిసి ఉంటుంది, అంటుకునే గుణం తగ్గి ఉంటుంది. ఆ పక్షం బిల్లు జాబితాలో 3 ఏదో 8 ఏదో తెలియలేదు. సభ్యులు కార్యదర్శిని నిలదీశారు. కనుక రీఫిల్ మన కళ్ళ ముందర జరగాలి, అదీ సంఘం గదిలో కాదు.

ఎందుకంటారా? ఈ రేణువు 5 నుండి 10 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో పదో వంతు. పాలలోని వెన్న రేణువులు సగటున 3, 4 మైక్రాన్లు ఉంటాయి. వెన్న దిగే వడపోత గుడ్డలో ఈ పొడి ఆగుతుందా? ఫ్యాను కింద కాట్రిడ్జి దులిపితే, మూత తీసిన క్యానులో పడినది ఇక తీయలేం. పీల్చిన మనిషికి దగ్గు, ఆయాసం ఉన్నవారికి మరీ ఇబ్బంది.

పొడి ఒలికితే చీపురు పట్టవద్దు, లేచి గదంతా కమ్ముతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనరు కూడా వద్దు. తడిగుడ్డతో మెల్లగా అద్ది తీయాలి. చేతులు, బట్టలు చన్నీళ్ళతోనే కడగాలి. వేడినీళ్ళు పోస్తే ప్లాస్టిక్ మెత్తబడి మరక పట్టుకుంటుంది. పొయ్యిలో, చెత్త మంటలో అసలే వేయరాదు. గాలిలో లేచిన సన్నని పొడికి నిప్పు తగిలితే గుప్పున అంటుకుంటుంది. గిర్నీలో పిండి దుమ్ముకు నిప్పు తగిలినా అంతే గదా! పెంటకుప్ప మీద పారేస్తే అక్కడ మేసేవి మన బర్రెలే.

మరి ఏం చేయాలి? వ్యర్థాన్ని గట్టి పాలిథీన్ సంచిలో మూతికట్టి, ఖాళీ కాట్రిడ్జితో సహా అట్టపెట్టెలో ఉంచండి. దాణా బస్తాలకు దూరంగా పెట్టండి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలలో ప్రింటర్లు, వాటి కాట్రిడ్జిలు కూడా చేరి ఉన్నాయి. రిజిస్టరైన రీసైక్లరుకే అప్పగించాలి. ఒక్క సంఘపు పెట్టె కోసం ఎవరూ రారు గనుక, చుట్టుపక్కల సంఘాలు కలిసి ఒకచోట పోగుచేసి పంపడం మేలు. రసీదు తీసుకుని ఫైలులో పెట్టండి, తనిఖీలో మేము అడుగుతాం. ఆ పెట్టెలను పాలబండిలో మాత్రం ఎక్కించవద్దు.