జాబితాలో మొదటి పేరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఒక తప్పు ఒప్పుకుని, ఒక ప్రతిపాదన చేసి కూర్చుంటాను.

పదో తరగతిలో నేను క్లాసు లీడర్ని. ఆ ఏడు మమ్మల్ని బొర్రా గుహలకు తీసుకెళ్లారు. పేర్లు రాసే పని నాది. మా బెంచీలో పోలియో వల్ల ఒక కాలు చచ్చుబడిన మిత్రుడు ఉండేవాడు. అందరికంటే ముందు డబ్బు కట్టింది అతనే. 'ఇతని కోసం అందరం ఆగాల్సి వస్తుంది' అనుకుని, ఎవరూ చెప్పకుండానే ఆ పేరు కొట్టేశాను. డబ్బు తిరిగిస్తే మారుమాట లేకుండా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత నేను ఉక్కు ఫ్యాక్టరీలో చేరాను, అతను పోర్టులో చేరాడు. ఒకే ఊళ్లో ఉన్నా పెళ్లిళ్లలో పలకరింపులే తప్ప మాటల్లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు, ఫోన్లు పనిచెయ్యగానే తెలిసినవాళ్లందరినీ పలకరించాను. అతన్ని మాత్రం పలకరించలేదు.

కిందటేడు నాకు మోకాలి ఆపరేషన్ అయింది. కాస్త కోలుకున్నాక అమ్మాయి నన్ను కంబాలకొండ తీసుకెళ్లింది. చేతికర్రతో నేను నాలుగడుగులు వేసి ఆగుతుంటే, వెనకవాళ్లు పక్కనుంచి దాటిపోతున్నారు. "తొందరేం లేదు నాన్నా" అంది అమ్మాయి. ఆ మాట ఆనాడు నేను అనాల్సింది. ఇంటికొచ్చి అతనికి ఫోన్ చేశాను.

"ఏట్రా, ఈసారి నా పేరు రాసేవా?" అన్నాడు.

కంబాలకొండ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఆధీనంలో ఉన్న అడవి. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 70 చదరపు కిలోమీటర్లు. చుక్కల దుప్పులు, నక్కలు, నెమళ్లే కాదు, చిరుతపులి కూడా ఉన్న అడవి మన హైవే పక్కనే ఉంది. ఇన్నేళ్లూ బస్సులో ఆ గేటు దాటిపోయినవాణ్నే గానీ లోపలికి వెళ్లలేదు.

ఇద్దరం పొద్దున్నే వెళ్లాం. అతనికి చంకకర్ర, నాకు చేతికర్ర. చదునుగా ఉన్న బాట పట్టుకుని, అతను ఆగిన చోటల్లా నేనూ ఆగాను. ఆగినప్పుడే అడవి కనిపించింది. ఎండుటాకుల మీద ఏదో పాకిన చప్పుడు, మాను మీద తల ఊపుతున్న తొండ, ఎక్కడో నెమలి అరుపు. కొంతసేపటికి లారీల రొద వినపడటం మానేసింది.

బాట ఎత్తెక్కి, రాళ్లు మొదలైన చోట అతనే కర్ర ఆనించి నిలబడ్డాడు. "ఇక్కడితో చాల్రా" అన్నాడు. అక్కడే నీడలో కూర్చున్నాం. నేను బొర్రా సంగతి ఎత్తి క్షమాపణ చెప్పబోయాను.

"పేరు కొట్టేసేవని కాదురా నా బాధ. ఎంత దూరం నడవగలనో నాకు తెలుసు. నన్నొక్క మాట అడగలేదు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. సీసాలో మిగిలిన నీళ్లు చెరిసగం తాగి లేచాం.

అతని అనుమతితోనే ఇదంతా చెబుతున్నాను. మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు చూడండి.

ఇక నా ప్రతిపాదన. వచ్చే శీతాకాలం మన సంఘం తరఫున ఒక ఆదివారం అందరం కంబాలకొండ వెళ్దాం. కొండెక్కగలిగినవాళ్లు ఎక్కండి. మిగతావాళ్లం కింది బాటలో మెల్లగా నడుద్దాం, అలిసిన చోట కూర్చుందాం. మాస్టార్లూ, మీరూ రావాలి. "మేమెక్కడ నడవగలం" అనకండి. ఎంత దూరం, ఎంతసేపు అన్నది మీరే చెప్పండి, మేం మీతోపాటు ఆగుతాం. యాభై ఏళ్లలో మన రిజిస్టరులోంచి కాలం ఎన్నో పేర్లు కొట్టేసింది. ఉన్నవాళ్ల పేర్లు మనం కొట్టెయ్యొద్దు.

గుమ్మం దగ్గర బల్ల మీద నోటుపుస్తకం పెట్టాను. మొదటి పేరు అతనిదే, తన చేత్తో తనే రాసుకున్నాడు. రెండోది నాది. మీరూ రాయండి.

సెలవు.