డోర్నకల్ బిషప్పు

డోర్నకల్ అంటే చాలామందికి రైల్వే జంక్షనే గుర్తొస్తుంది. అక్కడి ఎపిఫనీ కెథీడ్రల్‌ను చూస్తే మాత్రం గుడా, మసీదా, చర్చా అని ఒక్క క్షణం తడబడతారు. గుమ్మటాలు, మండపంలోలాంటి స్తంభాలు, తామరపూల చెక్కడాలు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఈ కట్టడం వెనకున్న ఆలోచన ఇక్కడి బిషప్పు వి.ఎస్. అజరయ్యది.

ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో, పెత్తనం కాదు, స్నేహం కావాలని మిషనరీల ముఖానే అడిగారు. ధైర్యమే మరి!

1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల పెద్దలు ఐక్యత చర్చకు కూర్చున్నారు. నడిపించినవారిలో అజరయ్య ఒకరు. బిషప్పుల అధికారం దగ్గరే పెద్ద చిక్కు. తెమలడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆ చర్చల ఫలంగా దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేనాటికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.