కాగితం వెనుక మనుషులు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చెప్పారు. నేను దక్షిణాఫ్రికాకు చెందిన డేవిడ్ గోల్డ్‌బ్లాట్ అనే ఫొటోగ్రాఫర్ గురించి నాలుగు మాటలు చెబుతాను. పెన్షనర్ల సభలో ఫొటోగ్రాఫర్ ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆఫీసులో సంతకమైన కాగితం బయట మనుషుల బతుకును ఏం చేస్తుందో ఆయన ఫొటోల్లో కనబడుతుంది. సర్వీసంతా కాగితాల మధ్యే గడిపినవాళ్లం కనుక అది మనకు సంబంధించిన సంగతే.

గోల్డ్‌బ్లాట్ 1930లో జొహానెస్‌బర్గ్‌కు పడమరనున్న రాండ్‌ఫోంటీన్ అనే బంగారు గనుల ఊళ్లో పుట్టారు. లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదుల కుటుంబం. తండ్రికి బట్టల దుకాణం ఉండేది. తండ్రి పోయాక దాన్ని అమ్మేసి, 1963 నుంచి పూర్తిగా కెమెరానే నమ్ముకున్నారు. 2018లో 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ దేశంలో 1948 ఎన్నికల తర్వాత వర్ణవివక్ష ప్రభుత్వ విధానమైంది. 1950లో వచ్చిన ఒక చట్టం ప్రతి మనిషినీ జాతివారీగా రిజిస్టరులోకి ఎక్కించింది. అదే ఏడాది మరో చట్టం ఏ జాతివారు ఏ పేటలో ఉండాలో నిర్ణయించింది. పార్కులో బెంచీ వేరు, బస్సు వేరు, బడి వేరు. వృద్ధాప్య పెన్షన్ సైతం జాతిని బట్టి ఇచ్చేవారు. తెల్లవారికి ఎక్కువ, నల్లవారికి అన్నిటికంటె తక్కువ. 1993లో గానీ అందరికీ సమానం కాలేదు. పెన్షన్ విలువ తెలిసిన మనకు ఈ ఒక్క మాట చాలు.

అక్కడి ఊరేగింపులు, కాల్పుల ఫొటోలు ప్రపంచ పత్రికలన్నిటా వచ్చాయి. గోల్డ్‌బ్లాట్ వాటి వెంట పెద్దగా పరుగెత్తలేదు. ఏ గొడవా లేని రోజున జనం ఎలా బతుకుతున్నారో చూశారు.

నల్లవారి కోసమని ప్రభుత్వం కేటాయించిన క్వాన్‌డెబెలె అనే ప్రాంతం నుంచి కూలీలు, పనివాళ్లు బస్సుల్లో ప్రిటోరియా వెళ్లేవారు. పని అక్కడ, ఉండనిచ్చేది ఇక్కడ. కొందరికి పోను రాను రోజుకు ఎనిమిది గంటల ప్రయాణం. తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య బస్సెక్కాలి. 1983లో గోల్డ్‌బ్లాట్ వాళ్లతో కలిసి ప్రయాణం చేశారు. చీకటి బస్సులో నిలబడే నిద్రపోతున్నవాళ్లు, దుప్పటి కప్పుకుని ముందు సీటుకు తల ఆనించినవాళ్లు ఆ ఫొటోల్లో ఉన్నారు. అందులో ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు. కానీ ఆ ముఖాలు చూశాక ఆ చట్టం గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

కట్టడాలనూ ఆయన అలాగే చూశారు. కేప్‌టౌన్‌లోని కిర్‌స్టెన్‌బాష్ తోటలో అడవి బాదం చెట్ల కంచె ఒకటి మిగిలి ఉంది. స్థానిక ఖోయిఖోయి ప్రజలు లోపలికి రాకుండా డచ్చివారు 1660లో నాటించిన కంచె అది. చూడటానికి పచ్చని పొద. ఫొటో కింది వాక్యం చదివితే, ఆ దేశాన్ని చీల్చిన గీతకు మొదలు అక్కడే ఉందని తెలుస్తుంది.

మనవాళ్ల సంగతీ ఇందులో ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్లిన భారతీయుల తొలి ఓడ అది. ఆ వలసల్లో తెలుగువారూ ఉన్నారు. తర్వాతి తరాలవారు డర్బన్‌లో కట్టుకున్న ఇళ్లను పేటల చట్టం కింద ఖాళీ చేయించి, ఎన్నో కుటుంబాలను చాట్స్‌వర్త్ కాలనీకి తరలించారు. జొహానెస్‌బర్గ్‌లో ఫీటాస్ అనే పేటలోని భారతీయ వర్తకులకూ ఇదే గతి పట్టింది. 1970లలో ఆ దుకాణాలు, ఇళ్లు కూలిపోకముందూ, కూలుతున్నప్పుడూ గోల్డ్‌బ్లాట్ ఫొటోలు తీశారు. తానూ దుకాణదారు కొడుకే కనుక, ఏళ్ల తరబడి పేర్చుకున్న అరలు ఖాళీ కావడమంటే ఏమిటో ఆయనకు తెలుసు.

ఆయన తెల్లజాతివాడు. కెమెరా పట్టుకుని చాలా చోట్లకు వెళ్లగలిగారు. ఎర్నెస్ట్ కోల్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్‌కు ఆ వీలు లేదు. అదే బతుకును లోపలి నుంచి చూపి, 1967లో అమెరికాలో పుస్తకం వేశారు. స్వదేశంలో దాన్ని నిషేధించారు. కోల్ మళ్లీ సొంత గడ్డ మీద అడుగు పెట్టకుండానే 1990లో న్యూయార్క్‌లో చనిపోయారు. ఈ తేడా ఎరిగిన మనిషి కాబట్టే గోల్డ్‌బ్లాట్ 1989లో జొహానెస్‌బర్గ్‌లో మార్కెట్ ఫొటో వర్క్‌షాప్ స్థాపించి, అవకాశం దక్కని యువతకు ఆ విద్య నేర్పే ఏర్పాటు చేశారు.

మిత్రులారా! ఆ ఇళ్లు వాటంతట అవి కూలలేదు. ఎవరో సర్వే చేశారు. ఎవరో నోటీసు టైపు చేశారు. ఎవరో డిస్పాచ్ నంబరు వేశారు. వాళ్లంతా క్రూరులై ఉండనక్కర్లేదు. వేళకు ఆఫీసుకు వచ్చి, సాయంత్రం ఇంటికెళ్లి, పిల్లలను చదివించుకున్న మనలాంటి ఉద్యోగులే కావచ్చు. రూలు రూలేనన్న మాట మనమూ అన్నాం. ఆ రూలు ఎవరి గడప దాకా వెళ్లిందో చూడటం కూడా ఉద్యోగ ధర్మంలో భాగమేనని ఈ ఫొటోలు చెబుతున్నాయి.

దూరదేశం కథ కదా అని ఊరుకోవద్దు. మన దగ్గర ఊరు వేరు, వాడ వేరు అయింది ఏ దేశపు చట్టంతో? హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఏ జీ.వో.తో వచ్చింది? రాసిన చట్టం లేకుండానే ఇవన్నీ సాగాయి. ఆ వేరుగా పెట్టిన గ్లాసుకు ఎవరైనా ఫొటో తీసి దాచారా?

చివరగా ఒక మనవి. గోల్డ్‌బ్లాట్ ప్రతి ఫొటో కిందా స్థలం, తేదీ, సందర్భం రాసేవారు. తేదీ లేని కాగితం ఎందుకూ పనికిరాదని మనకు వేరే చెప్పాలా? మీ ఇళ్లలోని పాత ఫొటోల వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. మీ తర్వాత ఆ ముఖాలను గుర్తుపట్టేవారు ఉండరు. పెళ్లి ఫొటోలతో ఆగవద్దు. మీరు పనిచేసిన ఆఫీసు వరండా, ఊరి చెరువు గట్టు, పడగొట్టబోయే పాత బడి కూడా మనవల చేత ఫోనులో తీయించండి. ఫొటోలో ఉన్నవారి పేర్లతోపాటు, ఆ వరండా మెట్లు ఎక్కనివ్వకుండా బయటే నిలబెట్టినవారి సంగతీ రాయండి. పిల్లలకు మనం ఇచ్చే ఆస్తిలో ఆ నిజం కూడా ఉండాలి.