హైడ్రోకార్బన్‌లో నీళ్లున్నాయా?

ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గురించే చెప్పుకుందాం: హైడ్రోకార్బన్. తెలుగులో కొందరు ఉదకర్బనం అని కూడా రాశారు.

'హైడ్రో' అనగానే మన పిల్లలు నీళ్లనుకుంటారు. 'ఉద' అన్నా అంతే, ఉదకం గుర్తొస్తుంది. కానీ ఇక్కడ 'హైడ్రో' అంటే హైడ్రోజన్. ఫ్రాన్స్‌లో లవాజియే, ఆయన తోటివాళ్లు 1787లో మూలకాలకు కొత్త పేర్లు పెట్టినప్పుడు, నీటిని పుట్టించేది అనే అర్థంలో ఆ వాయువుకి హైడ్రోజన్ అని పేరు పెట్టారు. మన 'ఉదజని'కీ అదే అర్థం. కాబట్టి హైడ్రోకార్బన్ అంటే హైడ్రోజన్, కార్బన్, ఈ రెండే ఉన్న పదార్థం. మూడోది ఉండకూడదు. మన వంటింటి గ్యాస్ బండలో ఉండే ప్రొపేన్ చూడండి: మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, అంతే.

మరి కార్బోహైడ్రేట్? మనం తినే అన్నంలో ఉండేది. అందులో ఆక్సిజన్ కూడా ఉంటుంది. గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. లెక్కకి ఆరు కార్బన్లకి ఆరు నీళ్లు కలిపినట్టుంది కదా! అందుకే పాతవాళ్లు ఆ పేరు పెట్టారు. నిజానికి లోపల నీళ్లు నీళ్లుగా ఉండవు. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

మన పిడుగురాళ్ల సున్నపురాయిలోనూ కార్బన్ ఉందండి. కానీ అది ముందే ఆక్సిజన్‌తో కలిసిపోయింది, హైడ్రోజన్ లేదు. అందుకే అది బట్టీలో కాలుతుంది గానీ, బొగ్గులా మండదు.

ఇక పాత వాడుక. రెండు వందల ఏళ్ల క్రితం వీటిని 'కార్బురెటెడ్ హైడ్రోజన్' అనేవాళ్లు, అంటే కార్బన్ కలిసిన హైడ్రోజన్ అని. గనుల్లో పేలే మీథేన్‌ని అలాగే పిలిచారు. 1825లో ఫారడే బెంజీన్‌ని కనిపెట్టి 'బైకార్బురెట్ ఆఫ్ హైడ్రోజన్' అన్నాడు. తర్వాత ఆ పేర్లు పోయాయి. కానీ ఆ మాట ఒకచోట మిగిలింది. నరసరావుపేటలోనో మాచర్లలోనో ఏ బైక్ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు: కార్బురేటర్! గాలికి పెట్రోలు ఆవిరి కలిపేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లలో దాని బదులు ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షనే వస్తోంది.

చివరిగా ఒక జాగ్రత్త. పేరులో హైడ్రో ఉన్నా పెట్రోలు నీళ్లతో కలవదు, పైన తేలుతుంది. పెట్రోలు అంటుకుంటే నీళ్లు పొయ్యకండి, మంట ఇంకా పాకుతుంది. ఇసుక చల్లండి. ఈ ఒక్క ముక్క ఇంట్లో పిల్లలకి చెప్పండి.