కెమెరాలోని చిన్న ఫ్లాష్

కెమెరాకు, సెల్‌ఫోనుకు అమర్చి వచ్చే చిన్న ఫ్లాష్ గురించి ఈనాడు నాలుగు మాటలు చెప్పుకుందాం.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఫోటోలకు కొదవ లేదు. కానీ ఇంటి పెద్దావిడ ఫోటో ఒక్కటి బాగున్నది వెదకండి. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగానో, కళ్లు ఎర్రగానో ఉన్నవే ఎక్కువ. రేపు ఆమె లేనినాడు గోడకు తగిలించుకోవడానికి మిగిలేవి అవే కదా!

మొదట తెలుసుకోవలసింది దూరం. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతే అందుతుంది; మూడింతలైతే తొమ్మిదో వంతు. సాధారణంగా కెమెరాలోని ఫ్లాష్, ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 4 దగ్గర 3 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఐ.ఎస్.ఓ. 400కు పెంచితే 6 మీటర్లు. సెల్‌ఫోను దీపానికి ఆపాటి బలం కూడా లేదు. బడి వార్షికోత్సవంలో వెనక వరుస నుంచి ఫ్లాష్ కొడితే ముందువాళ్ల తలలే మెరుస్తాయి, వేదిక మీది పిల్లలు కనబడరు. అక్కడ ఫ్లాష్ ఆపి, వేదిక దీపాల వెలుగుతోనే తీయాలి. పెండ్లి గుంపు ఫోటోలోనూ అంతే. వరుసల మధ్య ఎడం తగ్గించి, అందరినీ ఇంచుమించు ఒకే దూరంలో నిలబెట్టండి.

ఇక ఎర్ర కళ్లు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉండడంవల్ల వెలుగు నేరుగా కంటి లోపలి ఎర్రని పొరకు తగిలి తిరిగివస్తుంది. గదిలో దీపాలన్నీ వేస్తే పాప చిన్నదవుతుంది. చూపు లెన్సుకు కొంచెం పక్కగా ఉంచమన్నా సరిపోతుంది. గోడకు ఆనుకుని కూర్చున్నవారిని ఒక బారెడు ముందుకు జరిపితే వెనక నల్లని నీడ పడదు.

ఫ్లాష్ బాగా ఉపయోగపడేది పట్టపగలే అంటే కొందరికి వింతగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తలపాగా చుట్టుకున్న తాత కళ్ల మీద నీడ పడుతుంది. రెండు మీటర్ల దూరంలో నిలిచి ఫ్లాష్ వేస్తే ఆ నీడ తొలగి ముఖం తేటపడుతుంది.

ఫ్లాష్ పనికిరాని చోట్లూ ఉన్నాయి. అద్దం కట్టిన పాత పటాన్ని ఎదురుగా నిలిచి ఫ్లాష్‌తో తీస్తే మెరుపు మచ్చ తప్పదు. పటాన్ని కిటికీ దగ్గర పక్కవెలుగులో పెట్టి తీయండి. మన పొలిమేరల్లోని వీరగల్లుల మీద అరిగిన అక్షరాలకు ఎదురువెలుగు పడితే ఉన్న గీతలూ మాసిపోతాయి. పక్కనుంచి టార్చి ఏటవాలుగా వేస్తే పల్లాల్లో నీడ నిలిచి అక్షరం లేచి వస్తుంది. మ్యూజియాల్లో, చిత్రాలున్న ఆలయాల్లో ఫ్లాష్ వద్దని బోర్డు ఉంటే తప్పక పాటించండి.

చివరగా ఒక మనవి. ఈ ఆదివారం మీ అవ్వనో తాతనో పొద్దుటిపూట వీధి తిన్నె మీద కూర్చోబెట్టి, ఫ్లాష్ లేకుండా ఒక ఫోటో తీయండి. అచ్చు వేయించి, వెనక పేరు, ఊరు, సంవత్సరం తెలుగులోనూ తమిళంలోనూ రాయండి. తమిళం ఒక్కటే చదవడం వచ్చిన మనవడికీ ఆ ముఖం ఎవరిదో తెలియాలి.