మన డెల్టా: నేల, నీరు, జనం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరువి కదా, ఏదైనా సాంకేతిక విషయం చెప్పు అన్నారు సంఘం పెద్దలు. నేను ముప్ఫై ఏళ్ళుగా చేసింది మంచినీటి పైపులైన్ల పని. భోజనాల ముందు పైపుల గురించి మాట్లాడితే మీరు నన్ను క్షమించరు. అందుకని ఎనిమిదో తరగతిలో మా సోషల్ మాస్టారు చెప్పిన పాఠమే మళ్ళీ చెబుతాను. జిల్లా పటం పాఠం. ఆయన ఇక్కడే ఉన్నారు. తప్పులు చెబితే అప్పటిలాగే బెంచీ ఎక్కించవచ్చు.

మాస్టారు మాకు పటం గీయించే పద్ధతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముందు ఊళ్ళు పెట్టనిచ్చేవారు కాదు. కాగితానికి కుడి పక్క గోదావరి, అడుగున సముద్రం, ఎడమ పక్క కొల్లేరు, దాని తోకలాగా ఉప్పుటేరు. ఆ తరవాత కాలవలు. కాలవలయ్యాక మురుగు కోడులు. "నీళ్ళు ఎటు వస్తాయో, ఎటు పోతాయో తెలిశాక ఊళ్ళు పెట్టండ్రా" అనేవారు. ఆ మాట విలువ నాకు ఇంజనీరింగు చదివేటప్పుడు కాదు, ఉద్యోగంలో పదేళ్ళు నలిగాక తెలిసింది.

అప్పటి జిల్లా వేరు. పోలవరం కొండలు, మెట్ట ప్రాంతం, ఏలూరు అన్నీ అందులో ఉండేవి. 1925లో ఏర్పడిన ఆ పశ్చిమ గోదావరి 2022 ఏప్రిల్ 4న విడిపోయింది. భీమవరం జిల్లా కేంద్రమైంది. మెట్టా కొండలూ చాలావరకు అటు పోయి, దాదాపు డెల్టా మాత్రమే మనకు మిగిలింది. తాడేపల్లిగూడెం వైపు కాస్త ఎత్తు, ఆచంట పాలకొల్లు పక్కన వశిష్ఠ గోదావరి, మొగల్తూరు కింద పేరుపాలెం సముద్రం, ఆకివీడు కాళ్ళ వైపు ఉప్పుటేరు. సుమారు రెండు వేల రెండు వందల చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం 18 లక్షల చిల్లర జనం. ఇప్పుడు పటం గీయడం తేలిక. కొండలు గీయక్కరలేదు.

కానీ ఈ చదును నేలే అసలు చిక్కు. విజ్జేశ్వరం దగ్గర కాలవ మొదలైన చోటి నుంచి భీమవరం దాకా లెక్కేస్తే కిలోమీటరుకు జానెడు వాలు కూడా లేదు. కాలవ గట్టు మీద కూర్చుంటే నీళ్ళు ఎటు పోతున్నాయో గడ్డిపోచ వేసి చూడాలి. ఇలాంటి నేల మీదికి నీళ్ళు తీసుకురావడం కంటే, వచ్చిన నీళ్ళను బయటికి పంపడం కష్టం. మన జిల్లా చరిత్రలో సగం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

పాత చరిత్ర త్వరగా దాటేస్తాను. గునుపూడి సోమేశ్వరుడి గుడి చాళుక్య భీముడి కాలం నాటిదని, పంచారామాల్లో ఒకటని మీకు నేను చెప్పక్కరలేదు. 17వ శతాబ్దంలో పాలకొల్లులో డచ్చివాళ్ళు వర్తకం చేశారు. నరసాపురం పక్క మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ళు బట్టలు కొన్నారు. ఆ ఊరి పేరుతోనే 'మడపొల్లం' అని ఒక రకం నూలుబట్ట ఐరోపా నిఘంటువుల్లోకి ఎక్కింది. మన ఊళ్ళ పేర్లు పలకలేక వాళ్ళు పడ్డ అవస్థకి అదొక గుర్తు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో భీమవరం తాలూకా రెండో బార్డోలీ అనిపించుకుంది. 1942 ఆగస్టులో ఇక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అల్లూరి సీతారామరాజు గారి సొంతూరు మోగల్లు మనకి కూతవేటు దూరం.

ఇప్పుడు జనాభా సంగతికి వస్తాను. ఈ డెల్టాలో ఎప్పుడూ ఇంత జనం ఉన్నారనుకుంటాం. కాదు. 1830ల్లో కరవులు, తుపాన్లు వరసగా వచ్చాయి. నందన కరవు అప్పటిదే. 1820ల్లో ఏడు లక్షలకు పైగా ఉన్న అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1840ల నాటికి అయిదున్నర లక్షల దగ్గరికి పడిపోయింది. చచ్చినవాళ్ళు పోగా బతికినవాళ్ళు మూట కట్టుకుని వెళ్ళిపోయారు. పక్కనే గోదావరి నిండుగా పారుతుండగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ స్థితిలో ఆర్థర్ కాటన్ వచ్చాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారు. ఆ పనిలో ఆయన పక్కన నిలబడ్డ మన వీణం వీరన్న గారి పేరు కూడా చెప్పుకోవాలి. మన బొమ్మల్లో కాటన్ దొర గుర్రం మీద ఒక్కడే కనిపిస్తాడు.

నీళ్ళొచ్చాక జనం తిరిగొచ్చారు. ఉత్తరాది జిల్లాల నుంచి కూలికి వచ్చినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. సార్వా, దాళ్వా రెండు పంటల నేల అయింది. ఈ రోజు పశ్చిమ డెల్టా కింద అయిదు లక్షల ఎకరాలకు పైగా పారుతోంది. డెల్టా నిండాక మనవాళ్ళే బయటికి పోవడం మొదలైంది. నిజాంసాగర్ కింద బోధన్ వైపు, తరవాత తుంగభద్ర కింద సింధనూరు, గంగావతి వైపు. అక్కడ ఇప్పటికీ మనవాళ్ళ ఊళ్ళని క్యాంపులంటారు. ఆ వెనక నరసాపురం, పాలకొల్లు పల్లెల నుంచి ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసి పిల్లల్ని చదివించారు. ఆ డబ్బుతో లేచిన డాబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ గురించి ఏ సావనీరులోనూ ఎవరూ రాయరు. నాలాంటి ఇంజనీర్ల గురించే రాస్తారు.

ఫలితం ఏమిటంటే, ఉమ్మడి పశ్చిమ గోదావరి జనాభా 2001లో 38.03 లక్షలు, 2011లో 39.36 లక్షలు. పదేళ్ళలో మూడున్నర శాతం. అదే పదేళ్ళలో దేశం దాదాపు 18 శాతం పెరిగింది. రాష్ట్రంలో ఒక్కో తల్లికి సగటున 1.7 మంది పిల్లలని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు. అంటే లెక్క తిరగబడింది. మా సెక్షనులో అరవై మందిమి బెంచీకి అయిదుగురం కూర్చునేవాళ్ళం. ఇందాక ఆ గది చూసొచ్చాను. బెంచీలు బాగున్నాయి. కూర్చోవడానికి చోటు కూడా బాగానే ఉంది.

దీనికి ఇంకో కొస చూశాను. కంపెనీ పనిమీద రెండేళ్ళు అమెరికాలో అయోవా రాష్ట్రంలో, డిమోయిన్‌లో ఉన్నాను. అక్కడికి వాయవ్యంగా కాల్హూన్ కౌంటీ అని ఉంది. మన కొత్త జిల్లాలో మూడింట రెండు వంతులు ఉంటుంది. 1900లో 18 వేల మంది పైచిలుకు ఉండేవారు. 2020 లెక్కల్లో పదివేల లోపుకి వచ్చారు. చదరపు కిలోమీటరుకి ఏడుగురు. మనకు ఎనిమిది వందలు. ఒక ఆదివారం కారేసుకుని వెళితే గంటసేపు మొక్కజొన్నే తప్ప మనిషి కనపడలేదు. ఆ నేల కూడా మన నేలలాగే ఒకప్పుడు చిత్తడి. నేల కింద మట్టి గొట్టాలు పరిచి, మురుగు తీసి సాగులోకి తెచ్చారు. నేల బంగారమైంది, పొలాలు పెద్దవయ్యాయి, మనుషులు వెళ్ళిపోయారు. ఇక ఆ గొట్టాల్లోంచి ఎరువుల నైట్రేటు ఏట్లోకి, ఏటి నుంచి డిమోయిన్ నగరం తాగునీటిలోకి వస్తోందని నగర నీటి సంస్థ 2015లో కాల్హూనుతో కలిపి మూడు కౌంటీల డ్రెయినేజి జిల్లాల మీద కోర్టుకెళ్ళింది. 2017లో కేసు కొట్టేశారు. నైట్రేటు మాత్రం కోర్టు మాట విని ఆగలేదు. మా ఆఫీసులో ఈ కేసు గురించి అందరూ మాట్లాడుకునేవారు. నేను కూడా పైవాడు వదిలిన నీళ్ళు కిందివాడు తాగాలా అని గట్టిగానే వాదించేవాణ్ణి.

అప్పుడు నాకు మా ఊరి చెరువు గుర్తు రాలేదు. ఇక చెప్పదలచుకున్నది అదే.

మన మురుగు కథ ఒక్క నిమిషం. కాటన్ తరవాత వందేళ్ళు నీళ్ళివ్వడం మీద ఉన్న శ్రద్ధ మురుగు తీయడం మీద లేదు. 1960ల్లో ముంపులు చూశాక ఏ.సి. మిత్రా గారి నాయకత్వంలో నిపుణుల సంఘం వేశారు. 1968లో డ్రెయినేజి సెస్సు చట్టం వచ్చింది. మన ఊరి మధ్య నుంచి పోయే యనమదుర్రు చూడండి. పైన మెట్టలో ఎర్రకాలువగా పుట్టి, నందమూరు అక్విడక్టు దగ్గర ఏలూరు కాలువను దాటి, మన మురుగంతా మోసుకుని ఉప్పుటేరులో కలుస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మూడో హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షలకి. ఆ రాత్రుళ్ళు మా నాన్నగారు రేడియో వదల్లేదు. వరద తగ్గాక కూడా చేలల్లో నీళ్ళు రోజుల తరబడి కదల్లేదు. వాలు లేదు కదా.

అలా వరి మునిగి నష్టపోయిన రైతుకి చెరువు దేవుడిచ్చిన వరంలా కనిపించింది. ముందు కొల్లేరు చుట్టూ చేపలు. 1980ల చివర్లో టైగరు రొయ్య. 1994–95లో తెల్లమచ్చ వచ్చి చాలామంది మునిగారు. 2009 తరవాత వనామీ వచ్చి మళ్ళీ లేచారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మందికి చెరువులున్నాయి. నేను మీ మీద తీర్పు చెప్పడానికి రాలేదు. నా సంగతి చెబుతాను.

నాన్నగారు పోయాక మా మూడెకరాలు 2012లో నేనూ మా తమ్ముడూ చెరువుకి లీజుకిచ్చాం. నేను పుణేలో ఉండి ఫోనులోనే సరేనన్నాను. వరి కౌలుకి మూడు నాలుగు రెట్లు వచ్చింది. మా అమ్మాయి కాలేజీ ఫీజు అందులోంచే కట్టాను. మా పక్క చేను మాకు బాబాయి వరస ఆయనది, ఎకరంన్నర. రెండో ఏడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళాడు. మా చెరువు గట్టు నుంచి పది బారల మేర ఆయన వరి కొసలు ఎర్రబడి ఉన్నాయి. చెరువులో బోరు వేసి ఉప్పునీళ్ళు తోడుతున్నారు. "అబ్బాయ్, నువ్వు ఇంజనీరువి. ఉప్పు గట్టు దాటి రాదని నువ్వు చెబితే నమ్ముతాను" అన్నాడు.

వస్తుందని నాకు తెలుసు. ఇసక పాలున్న గట్టులోంచి, నీటి మట్టం ఇటు ఎక్కువ, అటు తక్కువ ఉంటే, రాకుండా ఎలా ఉంటుంది? ఇది రెండో సంవత్సరం ఇంజనీరింగు పాఠం. గట్టు చుట్టూ ఊటకాలవ తవ్వి ఆ నీటిని విడిగా తీస్తే చాలావరకు ఆగుతుంది. దానికి మా చెరువులో పదిహేను సెంట్ల నేల పోతుంది. అంత లీజు తగ్గుతుంది. నేను ఆయనతో, "గట్టుకి మట్టి వేయిస్తాం బాబాయ్" అన్నాను. మట్టి వేయించాం కూడా. మట్టితో ఆగదని నాకు తెలిసే వేయించాను.

మరో రెండేళ్ళకి ఆయనా చెరువుకిచ్చేశాడు. ఆ మీద ఆయన పక్కవాళ్ళు. ఇప్పుడు ఆ పుంత వెంట వెళితే ఏరేటర్ల చప్పుడే. చేలో పనికి వెళ్ళే కూలీల్లో కొందరు ఊరే వదిలేశారు. రొయ్యల షెడ్లలో పనికి శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పిల్లలు వచ్చారు. ఊళ్ళో తాగడానికి క్యాన్ నీళ్ళు. మంచినీళ్ళ పైపులు వేసి బతికినవాడి ఊళ్ళో అందరూ నీళ్ళు కొనుక్కుంటున్నారు. బాబాయి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పోయినేడు కాలం చేశారు.

రొయ్య వద్దని నేను అనను. ఈ ఊళ్ళో చదువులు, ఆసుపత్రి ఖర్చులు, పెళ్ళిళ్ళు దాని మీదే నడిచాయి, మా ఇంటితో సహా. వరి గిట్టనప్పుడు రైతుని చెరువు తవ్వొద్దనే హక్కు నెల జీతం తీసుకున్నవాడికి లేదు. కానీ చెరువుకీ చేనుకీ మధ్య ఊటకాలవ, చెరువు నీళ్ళు డ్రెయిన్లోకి వదిలే ముందు నిలవ ఉంచే గుంట, ఈ రెండూ లేకుండా పక్కవాడు తన ఇష్టంతోనే లీజుకిచ్చాడంటే మాత్రం నేను ఒప్పుకోలేను. మా పక్కాయన ఇష్టం ఎలా మారిందో నేను చూశాను.

మా లీజు వచ్చే ఉగాదితో అయిపోతుంది. తమ్ముడు మళ్ళీ ఇద్దామంటున్నాడు. ఊటకాలవ తవ్వి, ఆ పదిహేను సెంట్లు వదిలితేనే సంతకం పెడతానన్నాను. ఇంకా తెగలేదు. మా ఇంట్లో ఈ వారం వాతావరణం ఎలా ఉందో మీరు ఊహించుకోవచ్చు.

హెడ్మాస్టరు గారిని ఒకటి అడిగాను, ఆయన సరేనన్నారు. నీటిలో ఉప్పు కొలిచే మీటర్లు, చేతిలో పట్టేవి, నాలుగు తెచ్చాను. తొమ్మిదో తరగతి పిల్లలు నెలకోసారి యనమదుర్రులో రెండు చోట్ల, గోస్తనీలో ఒక చోట, వాళ్ళ వాళ్ళ ఊళ్ళ బోదెల్లో, బోర్లలో నీళ్ళు కొలిచి లాబు రిజిస్టరులో రాస్తారు. మాస్టారు చెప్పిన పద్ధతిలోనే ముందు పటం గీస్తారు. నీళ్ళు వచ్చే దారి, పోయే దారి, తరవాత ఊళ్ళు. మీలో ఎవరి చెరువు దగ్గరికైనా పిల్లలు వస్తే గేటు తీయండి. ఆ అంకెలు ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి కాదు, బోర్డు మీద రాసి ఉంచడానికి.

మొన్న ఆదివారం నలుగురు పిల్లల్ని తీసుకెళ్ళి మొదటి నమూనా తీశాం. మా గట్టు పక్క, బాబాయి చేను వైపు తవ్విన గుంటలోంచి. అంకె రిజిస్టరు మొదటి పేజీలో ఉంది. లాబు తలుపు తీసే ఉంది, భోజనాలయ్యాక చూడండి.