భూగోళం మంచుగడ్డైన కాలం



మంచు అనే మాటను మనం ధారాళంగా వాడతాం. తెల్లవారి గడ్డిమీద మెరిసేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. మా కోలారు వైపు కన్నడంలో కాస్త నయం, గడ్డకట్టినదాన్ని విడిగా 'మంజుగడ్డె' అంటారు. ఈనాటి ప్రసంగం ఆ గడ్డ గురించే. అది ధ్రువాల దగ్గర ఆగక, భూమధ్యరేఖ దాకా పాకి, సముద్రాలకు సైతం మూతపెట్టిన కాలం ఒకటుంది.

ఇది మనుషులకే కాదు, చేపలకు కూడా ముందటి మాట. సుమారు 71 కోట్ల 70 లక్షల ఏళ్ల క్రితం మొదలై 66 కోట్ల ఏళ్ల క్రితం వరకు ఒక విడత. కొంత విరామం తర్వాత రెండో విడత, అది 63 కోట్ల 50 లక్షల ఏళ్ల క్రితం ముగిసింది. 1992లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ కిర్ష్‌వింక్ దీనికి 'స్నోబాల్ ఎర్త్' అని పేరు పెట్టారు.

ఇంత పాత సంగతిని రాళ్లు చెప్పాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ కొండల్లో హిమానీనదాలు మోసుకొచ్చి వదిలిన రాళ్లున్నాయి. వాటితోపాటు ఏర్పడిన పొరల్లోని ఇనుప రేణువులు ఆనాటి అయస్కాంత దిశను దాచుకున్నాయి. స్వేచ్ఛగా వేలాడే అయస్కాంత సూది ధ్రువాల దగ్గర నిలువుగా నిలుస్తుంది, భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా ఉంటుంది. ఈ పొరల్లోని దిశ దాదాపు అడ్డంగా ఉంది. అంటే ఆనాడు ఉష్ణమండలంలో, అదీ సముద్రమట్టం దగ్గరే, మంచు ఉండేదన్నమాట.

అంతా గడ్డకడితే మళ్లీ ఎలా కరిగింది సార్, అని తరగతిలో ఎవరో ఒకరు అడిగి తీరతారు. అడగవలసిన ప్రశ్నే. తెల్లని మంచు ఎండను తిప్పికొడుతుంది. మంచు పెరిగినకొద్దీ చలి, చలి పెరిగినకొద్దీ మంచు. ఒక హద్దు దాటితే ఇక ఆగదని సోవియట్ శాస్త్రజ్ఞుడు మిహయీల్ బుదికో 1969లో లెక్కకట్టి చూపారు.

విడిపించినవి అగ్నిపర్వతాలు. అవి వదిలే బొగ్గుపులుసు వాయువును మామూలుగా వాననీరు కరిగించుకుంటుంది. ఆ నీరు రాళ్లను అరగదీసి, నదుల్లో పారి సముద్రం చేరితే అక్కడ సున్నపురాయి తయారవుతుంది. మంచుయుగంలో వానలు లేవు, రాళ్లు మంచు కింద ఉన్నాయి. వాయువును పట్టేవారు లేక లక్షల ఏళ్లపాటు పోగైంది, దుప్పటిలా వేడిని ఆపింది. కరగడం మొదలయ్యాక నల్లని నీరు ఎండను పీల్చుకుని పని త్వరగా ముగించింది. ఆపైన కుండపోత వానలు. నమీబియాలో హిమానీనదాల శిథిలాల మీద నేరుగా సున్నపురాయి పరుచుకుని ఉండటానికి పాల్ హాఫ్‌మన్ బృందం 1998లో చెప్పిన కారణం ఇదే.

మరి ప్రాణులో? అప్పటికున్నవి సూక్ష్మజీవులు, సముద్రపు నాచు వంటివి. మంచు పగుళ్లలో, మంచుమీది నీటిగుంటల్లో బతికాయని కొందరంటారు. భూమధ్యరేఖ వద్ద కొంత సముద్రం తెరిచే ఉండేదని మరికొందరి వాదం. ఎండ లేనిదే బతకని నాచు కోట్ల ఏళ్లు ఎలా నెట్టుకొచ్చిందని ఆలోచిస్తే, నాకు ఈ రెండో వాదమే సబబుగా తోస్తుంది.

ఆ ఫ్లిండర్స్ కొండల్లోనే, మంచుయుగం ముగిసి సున్నపురాయి మొదలైన గీత దగ్గర ఒక కంచు బిళ్ల బిగించి ఉంది. 2004లో శాస్త్రజ్ఞులు అక్కడినుంచి భూచరిత్రలో కొత్త అధ్యాయాన్ని లెక్కపెట్టారు. ఆ గీతకు చాలా ఎత్తున ఉన్న పొరల్లో, ఎముకా పెంకూ లేని మెత్తని జీవుల అచ్చులను 1946లో రెజినాల్డ్ స్ప్రిగ్ చూశారు. కొన్ని అరచేయంత ఉంటాయి.